మారుతి 800 కార్బ్యురేటర్ మోడల్: పెడల్ కొంచెం నొక్కితే బండి ఊగుతోంది, గట్టిగా నొక్కితే బాగుంటోంది

పాత800_తెనాలి:

అందరికీ నమస్తే. బండి 1997 మారుతి 800, కార్బ్యురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపే భాగం), నాలుగు గేర్లు, సీబీ పాయింట్ల డిస్ట్రిబ్యూటర్ (పాయింట్లు తెరుచుకున్నప్పుడల్లా ప్లగ్గులకు స్పార్క్ పంపేది). ఇంజన్ బాగా వేడెక్కాక, టాప్ గేర్‌లో 45 నుంచి 60 మధ్య, పెడల్ మీద కాలు ఊరికే ఆనించి నిలకడగా పోతుంటే బండి ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ఎవరో వెనక తాడు కట్టి సెకనుకోసారి లాగి వదులుతున్నట్టు ఉంటుంది. పెడల్ ఇంకాస్త నొక్కితే పోతుంది, సాఫీగా లాగుతుంది. పూర్తిగా వదిలేసినా ఉండదు. మూడో గేర్‌లో 35 దగ్గర కూడా ఉంది గానీ తక్కువ. ఐడ్లింగ్ బాగుంది, ఆగిపోదు. పొద్దున చోక్ లాగి స్టార్ట్ చేసిన మొదటి రెండు కిలోమీటర్లు అసలు తెలియదు.

ఇప్పటిదాకా మార్చినవి: ప్లగ్గులు మూడూ (గ్యాప్ 0.8 మిల్లీమీటర్లు), ఎయిర్ ఫిల్టర్, పెట్రోల్ ఫిల్టర్. తేడా లేదు. మెకానిక్ ఏకంగా కార్బ్యురేటరే మార్చేయాలంటున్నాడు. ఆ ఖర్చు పెట్టేముందు ఏమేం చూడాలి, ఏ వరసలో చూడాలి?

ఎర్రబండి:

పెట్రోల్ పంపు చూడండి. పాత మెకానికల్ పంపుల్లో డయాఫ్రమ్ (లోపలి రబ్బరు పొర) గట్టిపడి పెట్రోల్ చాలదు. ట్యాంకులో జాలీ కూడా మూసుకుపోయి ఉంటుంది. ముందు పంపు మార్చండి.

జెట్_నీడిల్:

పంపు దాకా పోనక్కర్లేదు. పంపు గానీ ఫిల్టర్ గానీ జాలీ గానీ అడ్డం పడితే బండి గట్టిగా లాగాల్సినప్పుడు చస్తుంది: ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు, నలుగురు కూర్చున్నప్పుడు, 80 దాటాక. ఈ బండి గట్టిగా నొక్కితేనే బాగుంటోంది. అంటే ఫ్లోట్ ఛాంబర్ (కార్బ్యురేటర్‌లో పెట్రోల్ నిలిచే గిన్నె) దాకా పెట్రోల్ సరిపడా వస్తోంది. తేడా ఆ తర్వాతే ఎక్కడో ఉంది.

తమ్ముడూ, నువ్వు రాసినదాంట్లోనే సగం జవాబు ఉంది. చోక్ ఉన్నంతసేపూ ఊగడం లేదన్నావు చూడు, అది పట్టుకో. చోక్ లాగితే గాలి తగ్గి పెట్రోల్ పాలు పెరుగుతుంది. నిలకడగా పోయేటప్పుడు కార్బ్యురేటర్ మిక్స్‌చర్‌ని (పెట్రోల్, గాలి కలిసినదాన్ని) పలచగానే, అంటే పెట్రోల్ తక్కువగానే ఇస్తుంది, మైలేజీ కోసం అలా చేసి ఉంటారు. పెడల్ గట్టిగా నొక్కితే అదనపు పెట్రోల్ కలిసి మిక్స్‌చర్ చిక్కబడుతుంది. పాతబడిన బండిలో ఎక్కడినుంచో ఇంకాస్త గాలి చేరినా, జెట్ (పెట్రోల్‌ని కొలిచి వదిలే సన్న రంధ్రం) కాస్త మూసుకున్నా, ఆ పలచన హద్దు దాటుతుంది. అప్పుడు కొన్ని స్ట్రోకుల్లో మిక్స్‌చర్ సరిగా అంటుకోదు, బలం పడిపోతుంది. మళ్లీ అంటుకుంటుంది, బండి ముందుకు దూకుతుంది. మూడే సిలిండర్లు కాబట్టి ఒక్కటి తప్పినా ఒంటికి తెలుస్తుంది.

ఇది పెట్రోల్ వైపుదా, స్పార్క్ వైపుదా అని ముందు తేల్చుకో. అప్పటిదాకా ఏ పార్టూ కొనకు. ఖాళీ రోడ్డు మీద, ఇంజన్ పూర్తిగా వేడిగా ఉండగా, సరిగ్గా ఊగే స్పీడ్‌లో పెట్టి చోక్ నాబ్‌ని పావు అంగుళం లాగు. రెండు మూడు సెకన్లు చూడు. తర్వాత అరంగుళం. చోక్ లాగితే లింకేజీ వల్ల థ్రాటిల్ (పెడల్‌తో తెరుచుకునే గాలి తలుపు) కూడా కొద్దిగా తెరుచుకుంటుంది కాబట్టి స్పీడ్ పెరిగిందా అన్నది లెక్కలోకి తీసుకోవద్దు. ఊగడం ఆగిందా లేదా, అంతే.

ఆగితే మిక్స్‌చర్ పలచన. ఖాయం. ఏ మార్పూ లేకపోతే స్పార్క్ వైపు వెళ్లాలి. ఇంకా ఎక్కువై పొగ వాసన వస్తే మిక్స్‌చర్ ముందే చిక్కగా ఉన్నట్టు, అంటే ఫ్లోట్ లెవెలో, నీడిల్ వాల్వో (ఫ్లోట్ ఛాంబర్ నిండగానే పెట్రోల్‌ని ఆపేది).

ఇంకొకటి. కార్బ్యురేటర్ కింద ఉండే మిక్స్‌చర్ స్క్రూ (మన మెకానిక్‌లు ఎయిర్ స్క్రూ అంటారు గానీ ఈ కార్బ్యురేటర్‌లో అది వదిలేది పెట్రోల్ కలిసిన గాలిని) ఎన్ని తిప్పులు తెరిచి ఉందో లెక్కపెట్టు. మెల్లగా లోపలికి తిప్పుతూ, తగిలీ తగలగానే ఆపు. బిగిస్తే మొన పాడవుతుంది. లెక్క రాసుకుని మళ్లీ అంతే తెరువు. ఆ నంబర్ ఇక్కడ పెట్టు.

టైమింగ్_లైట్:

పైన చెప్పింది సరైనదే, కానీ చోక్ టెస్టుతోనే తీర్పు ఇవ్వకండి. అచ్చం ఇలాగే కనిపించే స్పార్క్ జబ్బు ఒకటి ఉంది, అది చాలామందికి తట్టదు.

డిస్ట్రిబ్యూటర్ క్యాప్, రోటర్ తీసి లోపల చూడండి. బయటి టెర్మినల్ నుంచి సీబీ పాయింట్‌కి వెళ్లే సన్నటి మెత్తటి వైరు ఉంటుంది. వాక్యూమ్ అడ్వాన్స్ (ఇంజన్ పీల్పుతో స్పార్క్‌ని ముందుకు జరిపే ఏర్పాటు) పనిచేసిన ప్రతిసారీ పాయింట్లు కూర్చున్న ప్లేటు కొన్ని డిగ్రీలు తిరుగుతుంది, దాంతో ఆ వైరు వంగుతుంది. ఏళ్ల తరబడి వంగి వంగి పై తొడుగు బాగానే ఉన్నా లోపల రాగి పోగులు తెగిపోయి, ఒకటి రెండు పోగుల మీద వేలాడుతుంటుంది. పెడల్ కొద్దిగా నొక్కినప్పుడు వాక్యూమ్ ఎక్కువ, ప్లేటు తిరుగుతుంది, పోగులు విడిపోతాయి, స్పార్క్ పోతుంది. గట్టిగా నొక్కితే వాక్యూమ్ పడిపోతుంది, ప్లేటు వెనక్కి వస్తుంది, పోగులు కలుస్తాయి, బండి బాగైపోతుంది. ఐడ్లింగ్‌లో ఆ గొట్టానికి వాక్యూమ్ రాదు కాబట్టి అప్పుడూ బాగుంటుంది. మీరు రాసిన లక్షణాలన్నీ దీనికీ సరిపోతాయి, పొద్దున చోక్ ఒక్కటి తప్ప.

తేల్చడం సులువు. డిస్ట్రిబ్యూటర్ డయాఫ్రమ్ నుంచి వాక్యూమ్ గొట్టం ఊడదీసి, గొట్టం చివర ఒక స్క్రూ దూర్చి గట్టిగా మూయండి. మూయకపోతే అక్కడినుంచి గాలి లాగి కొత్త గొడవ తెస్తుంది. అలాగే ఒక చుట్టు నడపండి. పికప్ కాస్త మందగిస్తుంది, అది మామూలే. ఊగడం ఆగితే వైరో, అరిగిన ప్లేటో, అతిగా ముందుకు పెట్టిన టైమింగో (స్పార్క్ పడే సమయం). ఆగకపోతే ఈ వైపు వదిలేయండి.

అదే సమయంలో డయాఫ్రమ్ కూడా చూసేయండి. దాని గొట్టాన్ని నోటితో పీల్చండి. ప్లేటు తిరగాలి. నాలుకతో గొట్టం చివర మూస్తే తిరిగిన చోటే ఆగాలి. మెల్లగా వెనక్కి వస్తే డయాఫ్రమ్ చిల్లు. ఇందులో రెండు నష్టాలున్నాయి. పలచటి మిక్స్‌చర్ నెమ్మదిగా మండుతుంది, దానికి స్పార్క్ ముందుగా పడాలి. చిల్లు పడితే ఆ ముందస్తు రాదు. పైగా ఆ చిల్లు లోంచి గాలి కూడా లోపలికి పోతుంది.

పాయింట్ల గ్యాప్ 0.4 నుంచి 0.5 మిల్లీమీటర్లు ఉండాలి. క్యామ్‌కి రాసుకునే ఫైబర్ ముక్క అరిగే కొద్దీ గ్యాప్ తగ్గి టైమింగ్ వెనక్కి జరుగుతుంది. ముందు గ్యాప్, తర్వాతే టైమింగ్. ఈ వరస మారిస్తే రెండూ తప్పుతాయి.

పాత800_తెనాలి:

అన్నలిద్దరికీ ధన్యవాదాలు. చెప్పినవన్నీ చేశాను.

చోక్: పావు అంగుళానికి బాగా తగ్గింది, అరంగుళానికి పూర్తిగా ఆగింది. లోపలికి తోస్తే రెండు సెకన్లలో మళ్లీ మొదలు.
వాక్యూమ్ గొట్టం తీసి మూస్తే: పికప్ తగ్గింది, ఊగడం అలాగే ఉంది.
పీలిస్తే ప్లేటు తిరిగింది, ఆగింది. వైరు మెత్తగానే ఉంది, మీటర్ పెట్టి ప్లేటు తిప్పుతూ చూశాను, ఎక్కడా తెగలేదు. పాయింట్ గ్యాప్ 0.3 ఉంది, 0.45 చేసి టైమింగ్ పెట్టించాను.
మిక్స్‌చర్ స్క్రూ: నాలుగుంబావు తిప్పులు తెరిచి ఉంది.
ప్లగ్గుల పింగాణీ సుద్దలా తెల్లగా ఉంది, మూడూ.

జెట్_నీడిల్:

నాలుగుంబావా! దొరికింది.

మామూలుగా ఒకటిన్నర నుంచి రెండున్నర తిప్పుల దగ్గర ఐడ్లింగ్ కుదరాలి. నాలుగు దాటిందంటే ఎక్కడినుంచో ఇంజన్ ఎయిర్ లాగుతోంది. ఐడ్లింగ్ ఆగిపోతుంటే ఎవరో ఆ స్క్రూ తెరిచి పెట్రోల్ పెంచి సరిపెట్టారు. అందుకే నీకు ఐడ్లింగ్ బాగుంది. ఆ స్క్రూ ప్రభావం ఐడ్లింగ్ దగ్గరే. థ్రాటిల్ కొద్దిగా తెరుచుకుని పైనున్న ప్రోగ్రెషన్ రంధ్రాలు, మెయిన్ జెట్ పని అందుకునేసరికి ఆ సాయం చాలదు, దొంగగాలి (లీకు లోంచి వచ్చేది) మాత్రం వస్తూనే ఉంటుంది. థ్రాటిల్ బాగా తెరిస్తే లోపల వాక్యూమ్ తగ్గి దొంగగాలీ తగ్గుతుంది, అసలు గాలి ముందు అది లెక్కలోకి రాదు. సరిగ్గా నువ్వు చెప్పిన మధ్య భాగంలోనే ఊగుతుంది.

వెతకడం ఇలా. మొక్కలకు నీళ్లు కొట్టే చిన్న స్ప్రే సీసా తీసుకో. ఇంజన్ వేడిగా, ఐడ్లింగ్‌లో ఉండగా సన్నటి ధారగా ఒక్కోచోటే కొట్టు. లీకు మీద నీళ్లు పడితే కాసేపు మూసుకుపోయి ఐడ్లింగ్ మారుతుంది, ఒక్కోసారి సర్రున పీల్చిన చప్పుడు కూడా వినిపిస్తుంది. కార్బ్యురేటర్ క్లీనర్ స్ప్రే ఇంకా స్పష్టంగా చూపిస్తుంది గానీ అది మండుతుంది. వేడి ఎగ్జాస్ట్ దగ్గర, స్పార్క్ వైర్ల దగ్గర దాన్ని వాడొద్దు. డిస్ట్రిబ్యూటర్ మీద నీళ్లు పడనీయకు.

చూడాల్సిన చోట్లు: కార్బ్యురేటర్ కింద బేకలైట్ (ఇంజన్ వేడి పైకి ఎక్కకుండా మధ్యలో పెట్టే పలక), దాని పైనా కిందా ప్యాకింగులు. మానిఫోల్డ్ (మిక్స్‌చర్‌ని సిలిండర్లకు పంచే గొట్టం) ఇంజన్ హెడ్‌ని కలిసే చోటు. టాపెట్ కవర్ నుంచి వచ్చే బ్రీదర్ గొట్టం. బ్రేక్ బూస్టర్ ఉన్న బండైతే దాని గొట్టం. రబ్బరు గొట్టాలు పైకి బాగానే కనిపిస్తాయి, చివర పట్టుకుని వంచితే అడుగున పగులు నోరు తెరుస్తుంది. చివరగా థ్రాటిల్ షాఫ్ట్: ఇంజన్ ఆపి, షాఫ్ట్ చివర పట్టుకుని పైకీ కిందికీ ఊపు. చేతికి ఆట తెలిస్తే బాడీ అరిగింది. అప్పుడు మాత్రం మీ మెకానిక్ మాట నిజమే, బుష్ వేయించాలి లేదా కార్బ్యురేటర్ మార్చాలి. మిగతా వేటికీ మార్చక్కర్లేదు.

ఆల్టో_ఖమ్మం:

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నాది ఎంపీఎఫ్‌ఐ ఆల్టో (కార్బ్యురేటర్ బదులు కంప్యూటర్, ఇంజెక్టర్లు), ఇదే జబ్బు. చోక్ లేదు కదా, నేనేం చేయాలి?

టైమింగ్_లైట్:

మీకు వేరే థ్రెడ్ పెడితే మంచిది, అయినా క్లుప్తంగా. థ్రాటిల్ పొజిషన్ సెన్సర్ మొదట. ఇగ్నిషన్ ఆన్, ఇంజన్ ఆఫ్. సిగ్నల్ వైరు మీద మీటర్ పెట్టి పెడల్ అతి నెమ్మదిగా నొక్కండి. అర వోల్టు చుట్టుపక్కల మొదలై నాలుగు దాటేదాకా ఎక్కడా ఎగరకుండా, పడకుండా పెరగాలి. ఎక్కువ అరిగేది మొదటి పావు భాగమే, బండి నిత్యం నడిచేది అక్కడే కాబట్టి. ముల్లు ఉన్న మీటర్ అయితే తడబాటు కంటికి కనిపిస్తుంది. తర్వాత మ్యాప్ సెన్సర్‌కి (మానిఫోల్డ్‌లో ఒత్తిడి కొలిచేది) గొట్టం ఉంటే దాని పగుళ్లు. ఆక్సిజన్ సెన్సర్ ఉన్న బండైతే వేడెక్కాక దాని వోల్టేజీ 0.1కీ 0.9కీ మధ్య చకచకా మారుతూ ఉండాలి, కిందే ఆగిపోతే మిక్స్‌చర్ పలచన. గాలి లీకు వెతకడం మాత్రం మీకూ ఇదే పద్ధతి.

పాత800_తెనాలి:

దొరికింది. కార్బ్యురేటర్ బేస్ వెనక మూల నీళ్లు కొట్టగానే ఐడ్లింగ్ మారింది, చప్పుడు కూడా వచ్చింది. షాఫ్ట్‌లో ఆట దాదాపు లేదు. కార్బ్యురేటర్ దింపాను. బేకలైట్ మీద స్టీల్ స్కేలు నిలబెట్టి ఫిల్లర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకులు) దూరిస్తే ఒక అంచున 0.25 మిల్లీమీటర్ల పత్తీ పోతోంది. పై ప్యాకింగ్ ఆ మూల నల్లగా తడిసి, కాగితంలా నలిగిపోయింది. ఫ్లోట్ ఛాంబర్ మూత తీస్తే అడుగున తెల్లటి పొడి, పిండి అంటినట్టు ఉంది.

రెండు ప్రశ్నలు. బేకలైట్‌ని రుద్ది వాడొచ్చా, కొత్తదే వేయాలా? ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ పెట్రోల్ కదా, దానికి మెయిన్ జెట్ పెద్దది వేయాలంటున్నారు, నిజమేనా?

జెట్_నీడిల్:

కొత్త బేకలైట్ దొరికితే అదే వెయ్యి. దొరక్కపోతే రుద్దు: మందపాటి అద్దం పలక మీద 220 నంబర్ ఎమరీ కాగితం పరిచి, నీళ్లు చల్లి, ఇంగ్లిష్ 8 ఆకారంలో తిప్పుతూ రుద్దాలి. చివర 400. మెరుపు అన్నిచోట్లా ఒకేలా వచ్చాక మళ్లీ గేజ్ పెట్టు, 0.05 కూడా దూరకూడదు. రెండో వైపూ అంతే. కార్బ్యురేటర్ బేస్ కూడా స్కేలుతో చూడు. ఎవరో నట్లు బలంగా బిగించి చెవులు (నట్లు పట్టే అంచులు) కిందికి వంచి ఉంటారు. బేకలైట్ వంగిందంటే చాలావరకు కారణం అదే. చెవులు వంగితే ఎన్ని ప్యాకింగులు మార్చినా ఆరు నెలల్లో మళ్లీ లీకు.

ప్యాకింగులు రెండూ కొత్తవి, పొడిగానే వెయ్యి. సిలికాన్ పేస్టు పూయొద్దు. పెట్రోల్ తగిలి మెత్తబడి, ముక్కలుగా ఊడి జెట్లలోకి పోతుంది. నట్లు చేత్తో తిప్పి, తర్వాత పొట్టి రింగ్ స్పానర్‌తో ఎదురెదురు మూలలు మూడు విడతలుగా కొద్దికొద్దిగా బిగించు. బండి ఒకసారి వేడెక్కి పూర్తిగా చల్లారాక మళ్లీ ఒక్కసారి చూసుకో. ఆపైన ముట్టుకోకు.

కార్బ్యురేటర్ చేతిలో ఉన్నప్పుడే జెట్లు కడుగు. ప్రైమరీ మెయిన్ జెట్, దాని పైన ఎయిర్ బ్లీడ్, స్లో జెట్ విప్పి క్లీనర్ స్ప్రే కొట్టి గాలి పట్టించు. జెట్‌ని వెలుగుకి ఎత్తి చూస్తే రంధ్రం గుండ్రంగా, అంచు పదునుగా కనిపించాలి. నీకు కనిపించిన తెల్ల పొడి తడికి అల్యూమినియం తినేసిన మచ్చ, అది జెట్ గోడకు పల్చగా పట్టినా చాలు దారి సన్నబడుతుంది. సూదితో గానీ స్టీల్ తీగతో గానీ పొడవొద్దు, ఇత్తడి జెట్ సాగిపోతుంది. చేపల గాలానికి వాడే నైలాన్ దారం సరిపోతుంది. ఐడ్లింగ్ సొలెనాయిడ్ (ఇంజన్ ఆపగానే ఐడ్లింగ్ పెట్రోల్‌ని మూసే కరెంటు వాల్వ్) ఉంటే దాని పిన్ను కూడా తుడువు. ఇగ్నిషన్ ఆన్ చేస్తే టక్ మని వినపడాలి.

జెట్ సైజు జోలికి ఇప్పుడే పోకు. కారణం కింద టైమింగ్ లైట్ గారు లెక్కతో చెబితే బాగుంటుంది.

టైమింగ్_లైట్:

లెక్క ఇదీ. ఇథనాల్ కలవని పెట్రోల్ సరిగ్గా మండాలంటే ఒక కిలోకి 14.7 కిలోల గాలి కావాలి. 20 శాతం ఇథనాల్ కలిస్తే సుమారు 13.5 చాలు. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంది మరి. ఎంపీఎఫ్‌ఐ బండిలో ఆక్సిజన్ సెన్సర్‌ని చూసి కంప్యూటర్ ఇంజెక్టర్‌ని ఎక్కువసేపు తెరుస్తుంది. కార్బ్యురేటర్‌కి ఆ తెలివి లేదు, పాత లెక్కతోనే పోస్తుంది. అంటే అదే జెట్‌తో మిక్స్‌చర్ దాదాపు 8 శాతం పలచబడినట్టు. 2023లో ఈ20 (ఈ 20 శాతం ఇథనాల్ పెట్రోల్) బంకుల్లోకి రావడం మొదలైన తర్వాత హద్దు మీదున్న చాలా పాత బండ్లు ఊగడం మొదలెట్టడానికి ఇదొక కారణం.

అయితే మీ బండిలో అసలు దొంగ గాలి లీకు. లీకు ఉండగా జెట్ పెంచితే గట్టిగా నొక్కినప్పుడు చిక్కనై మైలేజీ పోతుంది, మధ్యలో పలచన అలాగే ఉంటుంది. లీకు మూసి, జెట్లు కడిగి, పాత సైజుతోనే 100 కిలోమీటర్లు తిప్పండి. ఇంకా కొద్దిగా ఊగితే, ప్లగ్గు తెల్లగానే ఉంటే, అప్పుడు ప్రైమరీ మెయిన్ జెట్ ఒక్క మెట్టు పెంచండి. రంధ్రం వ్యాసం 1.00 నుంచి 1.03కి పెరిగితే వైశాల్యం 6 శాతం పెరుగుతుంది. అంతకు మించి అక్కర్లేదు. డ్రిల్ బిట్‌తో మాత్రం పెద్దది చేయించకండి, ఆ రంధ్రం అంచు నున్నదనం చేత్తో రాదు.

పాత పెట్రోల్ గొట్టాలు కూడా మార్చేయండి. ఇథనాల్‌కి పాత రబ్బరు ఉబ్బి, లోపలి పొర చిన్న చిన్న ముక్కలుగా ఊడుతుంది. ఆ నల్ల ముక్కలు చేరేది నీడిల్ వాల్వ్ దగ్గరికే. బండి వారాల తరబడి ఆపితే ట్యాంకు నిండుగా ఉంచండి. ఖాళీ ఎక్కువుంటే గాలిలోని తేమ లాక్కుని నీళ్లు అడుగున చేరతాయి. ఆ తెల్ల పొడి మొదలయ్యేది అక్కడినుంచే.

పాత800_తెనాలి:

బేకలైట్ కొత్తది దొరికింది. బేస్ ఒక చెవి కొద్దిగా వంగి ఉంటే అద్దం మీద రుద్ది సమం చేశాం. జెట్లు కడిగాను, గొట్టాలు మార్చాను. ఐడ్లింగ్ ఇప్పుడు స్క్రూ రెండు తిప్పుల దగ్గరే కుదిరింది, నాలుగు దగ్గర పెడితే నల్లపొగ. టాప్ గేర్‌లో 50 దగ్గర ఊగడం లేదు. 120 కిలోమీటర్లు తిరిగాక ప్లగ్గులు లేత బిస్కెట్ రంగుకి వచ్చాయి. జెట్ మార్చలేదు.

ఒక్కటి మిగిలింది. ఆగి ఉన్న బండిని కదిలించేటప్పుడు పెడల్ టక్కున నొక్కితే ఒక్క క్షణం తడబడి అప్పుడు లాగుతోంది.

జెట్_నీడిల్:

అది యాక్సిలరేటర్ పంపు (పెడల్ టక్కున నొక్కినప్పుడు అదనంగా పెట్రోల్ చిమ్మేది). ఇంజన్ ఆపి, ఎయిర్ క్లీనర్ తీసి, కార్బ్యురేటర్ గొంతులోకి చూస్తూ థ్రాటిల్ లింక్‌ని చేత్తో ఒక్కసారి తిప్పు. తిప్పిన మరుక్షణమే సన్నటి నాజిల్ లోంచి పెట్రోల్ తెగకుండా ధారగా పడాలి. ఆలస్యంగా పడినా, చుక్కలుగా పడినా, ముందు నాజిల్ ఊది చూడు, కడిగినప్పుడు కొట్టుకొచ్చిన మురికి అక్కడ చిక్కుకుంటుంది. అప్పటికీ కాకపోతే పంపు డయాఫ్రమ్ గట్టిపడింది. రిపేర్ కిట్‌లో వస్తుంది, కార్బ్యురేటర్ దింపకుండానే మార్చొచ్చు. మార్చేటప్పుడు లోపల చిన్న స్టీల్ గోళీ ఉంటే అది దొర్లి పడకుండా కింద గుడ్డ పరుచుకో.